సీరమ్ చీటీకి టీకా తాత్పర్యం

ముందు మూలం.

"ఆస్కార్బిక్ ఆమ్లం పొడి రెండు గ్రాములు. స్వేదనజలం పదహారు గ్రాములు. గ్లిజరిన్ రెండు గ్రాములు. గాజు పాత్రలో కరిగించి, పీహెచ్ మూడుకు తెచ్చి, గోధుమ రంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచాలి. ముఖం కడిగి ఆరాక నాలుగు చుక్కలు. పైన సన్‌స్క్రీన్. వారం దాటితే పారబోయాలి."

ఇంట్లో చేసుకునే విటమిన్ సి సీరమ్‌కు కావలసిందంతా ఇదే. ఇంత చిన్న చీటీకి వ్యాఖ్యానం ఎందుకంటే, చేతులు మారేకొద్దీ దీనిలో ఒక్కో మాటా మారిపోతుంటుంది. పొడి పోయి నిమ్మరసం వస్తుంది. స్వేదనజలం పోయి పన్నీరు వస్తుంది. "వారం" పోయి "అయిపోయేదాకా" వస్తుంది. మార్చేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కారు. ఫలానా మాట అక్కడ ఎందుకుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆధారం లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు అని మెదకు సీమ సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథ సూరి తనకు తాను ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోదానికి అక్కడక్కడ మినహాయింపు కోరుతున్నాను.

ఆస్కార్బిక్ ఆమ్లం: విటమిన్ సి అసలు పేరు. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జార్జి 1928లో దీన్ని వేరుచేసినప్పుడు అది విటమిన్ అని ఆయనకే తెలియదు. 1932లో తేలింది. తర్వాత సెగెడ్ ఊరి చుట్టుపక్కల పండే పాప్రికా మిరప నుంచి పెద్దయెత్తున తీశాడు. 1937లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మిరప మాట వింటే గుంటూరువాళ్లు మురిసిపోవచ్చు. రాజమండ్రిలో విటమిన్ ప్రస్తావన రాగానే ఈ ఊళ్లో బడికి వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తాడు గాని, ఆయన బృందం లెడర్లీ మందుల కంపెనీలో పట్టుకున్నది ఫోలిక్ ఆమ్లాన్ని. అది బి కుటుంబం. మన చీటీలో ఆయనకు చోటు లేదు.

ఈ ఆమ్లం గుణమంతా ఒక్కటే, ఎలక్ట్రాన్లు దానం చేయడం. ఎండకు చర్మంలో పుట్టే ఫ్రీ రాడికల్స్‌కు ఇచ్చి వాటి ఉరవడి తగ్గిస్తుంది. నల్లదనాన్నిచ్చే మెలనిన్ తయారవుతుండగా మధ్యలో పుట్టే డోపాక్వినోన్‌కు ఇచ్చి దాన్ని వెనక్కి మళ్లిస్తుంది. కొల్లాజెన్ పోగుల్ని బిగించే ఎంజైముల్లో ఇనుము ఉంటుంది. ఆ ఇనుము పని చేసే స్థితిలో ఉండటానికీ ఇదే కావాలి. చిక్కేమిటంటే ఈ దాత పాత్రాపాత్రత చూడదు. సీసాలోకి దూరిన గాలి అడిగినా ఇస్తుంది, నీళ్లలోని లోహపు నలుసు తొందరపెడితే ఇంకా త్వరగా ఇస్తుంది. దానమంతా సీసాలోనే అయిపోతే ముఖానికి మిగిలేది పుల్లటి పచ్చనీళ్లు. చీటీలో ఇకమీదట వచ్చే మాటల్లో చాలావరకు ఈ అపాత్రదానాన్ని ఆపడానికి పెట్టిన కాపలాయే.

పొడి: ఇక్కడే ఎక్కువ మంది దారి తప్పుతారు, కాబట్టి ఇక్కడే ఎక్కువసేపు నిలుస్తాను.

మొదట నిమ్మరసం. వంద గ్రాముల నిమ్మరసంలో విటమిన్ సి సుమారు యాభై మిల్లీగ్రాములు. చీటీ అడుగుతున్నది వంద గ్రాములకు పది గ్రాములు. అంటే రెండు వందల రెట్లు. ఉసిరి ఎంతో మేలు గాని, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో ఉదారంగా వేసిన లెక్క ప్రకారమైనా వంద గ్రాములకు ఆరు వందల మిల్లీగ్రాములే, ఒక శాతమైనా కాదు. ఉసిరికాయ పచ్చడి తినండి, ఉసిరి రసం తాగండి. అది కడుపు ద్వారా వెళ్లే దారి, దానికి తిరుగులేదు. సీరమ్‌కు మాత్రం అది చాలదు.

చాలకపోవడంతో పోతే బాగుండేది. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలున్నాయి. అవి చర్మానికి అంటుకున్నాక ఎండ తగిలితే ఒకటి రెండు రోజులకు ఎర్రబడి, ఒక్కోసారి బొబ్బలెక్కి, ఆనక నెలల తరబడి వదలని నల్లమచ్చ పడుతుంది. మంగు పోతుందని రాసిన రసం కొత్త మచ్చను తెచ్చిపెడుతుందన్నమాట. సున్నిపిండిలో కొందరు కలిపే బావంచాలలోనూ ఇదే జాతి పదార్థం, సోరలెన్, ఉంది. బొల్లికి వాటిని వాడటం వెనుక ఉన్న సూత్రం అదే, ఎండతో కలిసి రంగు పుట్టించడం. రంగు తగ్గాలనుకునేవాళ్లు ఆ పిండితో నలుగు పెట్టుకుని గోదావరి గట్టు మీద ఎండలో తిరగడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

రెండోది మాత్రలు. మెడికల్ షాపులో దొరికే నమిలే నారింజ రంగు బిళ్లల్ని నూరి నీళ్లలో కలపమని సలహా ఇస్తుంటారు. ఆ పట్టీ వెనక్కి తిప్పి చదవండి. చాలా వాటిలో అధిక భాగం సోడియం ఆస్కార్బేట్ ఉంటుంది, మిగతాది చక్కెర, రంగు, వాసన, బిళ్లకట్టే పిండి. సోడియం ఆస్కార్బేట్‌లోనూ విటమిన్ సి ఉన్న మాట నిజమే. కానీ దాని పులుపు చచ్చిపోయింది. పులుపు లేనిదే అది చర్మంలోకి ఎందుకు దిగదో పీహెచ్ దగ్గర చెబుతాను. చక్కెర సంగతి వేరే చెప్పాలా? ముఖం జిగురు, సీసాలో బూజు.

మూడోది ఈ గోదావరి డెల్టాలో సులువుగా జరిగే పొరపాటు. భీమవరం వైపు, ఇటు కోనసీమలోనూ ఆక్వా మందుల దుకాణాల్లో విటమిన్ సి డబ్బాలుంటాయి. రొయ్యకు ఒత్తిడి తగ్గాలని మేతకు పట్టిస్తారు. చవక, చేతికందేది. కానీ అది పశువుల మేత గ్రేడు. పూతలు, కలిపిన పదార్థాలు ఏవేవో ఉంటాయి, ముఖానికి పనికిరాదు. అయితే ఆ దుకాణం నుంచి నేర్చుకోవలసింది మాత్రం ఒకటుంది. మేత గుళికలు చేసేటప్పుడు తగిలే వేడికీ, చెరువు నీళ్లకూ మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం నిలవదు. అందుకని మేత తయారీదారులు దానికి ఫాస్ఫేట్ తొడుగు వేసిన రూపాన్ని వాడతారు; రొయ్య కడుపులో ఎంజైములు ఆ తొడుగు విప్పుకుంటాయి. ఖరీదైన సీరమ్‌ల మీద కనిపించే సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ ఆ ఇంటి పిల్లలే. అవి ఇంత పులుపు అడగవు, ఇంత త్వరగా చెడవు. చర్మంలోకి దిగే బలం మాత్రం తక్కువ. చర్మం సున్నితమైతే ఆ రకం కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

కళాశాల ప్రయోగశాలలకు సరఫరా చేసే దుకాణాల్లోనూ ఆస్కార్బిక్ ఆమ్లం దొరుకుతుంది. ఆ సీసాల మీద సాధారణంగా మందుకూ ఆహారానికీ కాదని రాసి ఉంటుంది, ఆ రాతను గౌరవించాలి. ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణమని "ఐపీ" అక్షరాలున్నదో, ఫుడ్ గ్రేడ్ అని ఉన్నదో తీసుకోండి. తెల్లగా, ఉండ కట్టకుండా, సన్నటి పంచదారలా ఉండాలి. పసుపుపచ్చ జాడ కనబడితే వద్దు.

రెండు గ్రాములు: మొత్తం ఇరవై గ్రాముల్లో రెండు, అంటే పది శాతం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో పంది చర్మం మీద ఇరవై శాతం దాకా విటమిన్ లోపలికి దిగడం పెరిగింది. ఆపైన ఎంత కలిపినా లాభం లేదు, తగ్గింది కూడా. కాబట్టి "ఇంకో చెంచా వేస్తే ఇంకా మంచిది కదా" అనేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. మొదటిసారి వాడేవాళ్లు ఒక గ్రాముతో మొదలుపెట్టి, తగ్గిన గ్రామును నీళ్లతో పూడ్చుకోవచ్చు.

తూకం చెంచాతో కుదరదు. టీ చెంచాడు పొడి నాలుగు గ్రాములుండొచ్చు, ఐదూ ఉండొచ్చు. పలుకు సైజును బట్టి, తలకొట్టి తీసిన చేతిని బట్టి మారుతుంది. బంగారం దుకాణంలో చూసే తరహా చిన్న తూకం, గ్రాములో నూరో వంతు చూపేది, ఇప్పుడు జేబులో పట్టేంత సైజులో దొరుకుతోంది. ఆ తూకం కొనడం దండగనిపిస్తే సీరమ్ చేయడం మానేయడమే సుఖం.

స్వేదనజలం: గోదావరి ఒడ్డున ఉండి నీళ్లు కొనుక్కోమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను ఆస్కార్బిక్ ఆమ్లం ఇట్టే చంపేస్తుంది, ఆ క్రమంలో తానూ కొంత ఖర్చవుతుంది. ఆ ఖర్చు మాత్రం లెక్కలోకి రాదు. క్లోరిన్ ఉండేది లీటరుకు మిల్లీగ్రాముల్లో, మన ఆమ్లం లీటరుకు వంద గ్రాములు. అసలు శత్రువు గొట్టాల నుంచీ బోరు నుంచీ వచ్చే ఇనుము, అంతకు మించి రాగి. వాటి అయాన్లు తాము ఖర్చు కావు, ఒక ఎలక్ట్రాన్ తీసుకుని గాలికి అందించి మళ్లీ చెయ్యి చాపుతాయి. అందుకే నలుసంత ఉన్నా సీసా అంతా చెడిపోతుంది. రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి ఉదయం తాగే అలవాటున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ నీళ్లు తాగండి, సీరమ్‌లో పోయకండి.

పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ నీళ్లు ఖనిజాలు తీసినవే అయినా శుభ్రత సంగతి ఎవరూ హామీ ఇవ్వరు. మెడికల్ షాపులో ఇంజెక్షన్ కలపడానికి ఇచ్చే స్టెరైల్ వాటర్ చిన్న చిన్న ఆంప్యూళ్లలో దొరుకుతుంది. అంతకన్నా శుభ్రమైన నీరు ఇంటికి రాదు. పన్నీరు వద్దు, దానిలో ఏం కలిపారో తెలియదు. కీరదోస రసం అసలే వద్దు. దోస, గుమ్మడి జాతి కాయల్లో ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. దాని వృత్తే విటమిన్ సిని ఆక్సిజన్‌కు అప్పజెప్పడం. చలవ చేస్తుందని కలిపిన రసమే కొంప ముంచుతుంది.

గ్లిజరిన్: తేమ పట్టి ఉంచుతుంది, పులుపు మంటను కాస్త తగ్గిస్తుంది. రెండు గ్రాములు చాలు, ఎక్కువైతే జిడ్డు. దీని బదులు కడియం నర్సరీ నుంచి తెచ్చిన కుండీలోని కలబంద గుజ్జు వేస్తామంటారు. పచ్చి గుజ్జుతో పాటు సూక్ష్మజీవులూ, వాటికి మేతా లోపలికి వస్తాయి. మానండి.

విటమిన్ ఇ కలపాలా? అందరిళ్లలో ఉండే ఆకుపచ్చ గొట్టాలలోది సాధారణంగా టోకోఫెరిల్ ఎసిటేట్. నూనె; నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. పైగా సీరమ్‌లో సి పక్కన నిలబడి పనిచేసేది టోకోఫెరాల్, ఎసిటేట్ కాదు. 2005లో అదే డ్యూక్ బృందం పదిహేను శాతం సి, ఒక శాతం ఇ ఉన్న ద్రావణానికి అర శాతం ఫెరూలిక్ ఆమ్లం చేర్చి చూసింది. విటమిన్లు నిలకడగా ఉండటమే కాదు, ఎండ నుంచి చర్మానికి దొరికే కాపుదల రెట్టింపయింది. ఈ ఫెరూలిక్ ఆమ్లం పేరు ఇంగువ మొక్క జాతి ఫెరులా నుంచి వచ్చింది, మొదట వేరుచేసింది ఇంగువ నుంచే. ఇప్పుడు దానికి పెద్ద వనరు బియ్యపు తవుడు. తవుడు నూనెలోని ఒరైజనాల్ ఫెరూలిక్ ఆమ్లపు సంతతే. గోదావరి జిల్లాల రైసు మిల్లుల్లో గుట్టలుగా పడే తవుడులో ప్రపంచపు ఖరీదైన సీరమ్‌ల రహస్యం ఉందని చెప్పుకోవడానికి బాగుంటుంది. ఇంట్లో మాత్రం కుదరదు. నీళ్లలో సరిగా కరగదు, కరిగించడానికి వేరే ద్రావకాలు కావాలి, తవుడు నానబెట్టిన నీళ్లలో అది చెప్పుకోదగినంత రానే రాదు. సి, ఇ, ఫెరూలిక్ మూడూ కావాలనుకునేవాళ్లు కొనుక్కోవాలి.

గాజు పాత్ర: రాగి, ఇత్తడి, ఇనుము తగలకూడదు. కారణం పైన చెప్పాను. కలపడానికి గాజు పుల్లో, శుభ్రమైన ప్లాస్టిక్ చెంచానో. వేడి చేయకండి, చల్లటి నీళ్లలోనే పది శాతం సులువుగా కరుగుతుంది.

పీహెచ్ మూడుకు తెచ్చి: చీటీలో కష్టమైన భాగం. పది శాతం ఆస్కార్బిక్ ఆమ్లం నీళ్లలో కరిగితే పీహెచ్ దాదాపు 2.2. అది నిమ్మరసమంత పులుపు, ముఖం భగ్గుమంటుంది. మరీ తగ్గించినా లాభం లేదు. ఈ ఆమ్లానికి 4.2 దగ్గర ఒక గీత ఉంది. ఆ గీత దాటితే సగానికి పైగా అణువులు విద్యుదావేశం పుట్టి అయాన్లవుతాయి, చర్మం పై పొరలోని కొవ్వు వాటిని లోపలికి రానివ్వదు. పిన్నెల్ బృందం 3.5 కంటే తక్కువ ఉండాలన్నది అందుకే. సోడియం ఆస్కార్బేట్ బిళ్లలు పనికిరావన్నదీ అందుకే.

పులుపు తగ్గించడానికి వంటింటి తినే సోడా చాలు. ఎంత? చిటికెడు అంటారు. లెక్క కట్టి చూద్దాం. ఇరవై గ్రాముల మన ద్రావణాన్ని 2.2 నుంచి మూడుకు తేవడానికి పట్టే సోడా అరవై మిల్లీగ్రాములు. చిటికెడు మూడు వందల మిల్లీగ్రాములనుకుంటే పీహెచ్ 3.8కి ఎగబాకుతుంది, సీరమ్ చెడినట్టే. కాబట్టి చిటికె మానేసి, ఒక గ్రాము సోడాను ఇరవై మిల్లీలీటర్ల స్వేదనజలంలో విడిగా కరిగించుకోండి. అప్పుడు మిల్లీలీటరుకు యాభై మిల్లీగ్రాములు. సూది లేని సిరంజితో మిల్లీలీటరు, ఆపైన నాలుగైదు చుక్కలు. మెల్లగా వేయాలి, బుసబుస పొంగుతుంది. చీటీలోని పదహారు గ్రాముల్లో ఈ నీటినీ కలుపుకోవాలి. తర్వాత పీహెచ్ పట్టీతో చూడండి. ఎరుపు, నీలం మాత్రమే చూపే లిట్మస్ కాగితం పనికిరాదు, అంకెల రంగులున్న పట్టీ కావాలి. రొయ్యల చెరువులకు వాడే కిట్టు ఇంట్లో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. చెరువు నీళ్లు చూసేది ఏడున్నర, ఎనిమిదిన్నరల మధ్య, మన మూడు దానికి అందదు.

గోధుమ రంగు సీసా: వెలుతురును ఆపడానికి. అల్లు రామలింగయ్య పేరిట ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉన్న ఊరు ఇది. హోమియో మందుల షాపులో చుక్కల మూత ఉన్న ముప్పై మిల్లీలీటర్ల సీసాలు అడిగితే ఇస్తారు. మన ద్రావణం అందులో పైదాకా రాదు, పైన గాలి మిగులుతుంది. చిన్న సీసా దొరికితే ఇంకా మంచిది.

ఫ్రిజ్: రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, సీసా ఎంత? తలుపు అరలో కాకుండా లోపల, వెనక్కి పెట్టండి. తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి కొట్టేది తలుపు అరలోని వాటికే.

ముఖం కడిగి ఆరాక నాలుగు చుక్కలు: మొదటిసారి ముఖానికి కాదు, ముంజేతి లోపలివైపు. రెండు రోజులు చూసి, దద్దురూ మంటా లేకపోతే ముఖానికి. కంటి చుట్టూ, పెదవుల మూలల్లో వద్దు. త్రెడింగ్, వ్యాక్సింగ్, గడ్డం గీసిన రోజున వద్దు. కాస్త చురుక్కుమని నిమిషంలో తగ్గితే సరే, తగ్గకపోతే కడిగేయండి. పంది చర్మంలో ఒకసారి చేరిన విటమిన్ సగం తగ్గడానికి సుమారు నాలుగు రోజులు పట్టిందని పైన చెప్పిన ప్రయోగమే చూపింది. అంచేత రోజుకు ఒక్కసారి చాలు, పూటపూటకూ రాయక్కర్లేదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. తెల్లబడటానికని మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి రాసినవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. వాళ్ల చర్మం పలచబడి ఉంటుంది. అలాంటి ముఖం మీద ఈ పులుపు పెడితే కాల్చినట్టే. వాళ్లు వెళ్లాల్సింది చర్మవైద్యుడి దగ్గరికి. ట్రెటినాయిన్ లాంటి మందు రాత్రి వాడుతున్నవాళ్లు కూడా ముందు డాక్టరుగారిని అడగాలి. ఇక, పుట్టుక రంగును ఈ సీరమ్ మార్చదు. ఎండకు కమిలిన మేరకు, మచ్చ పడిన మేరకు కొంత తేరుకోవచ్చు, అదీ వారాలు నెలలు పడుతుంది.

పైన సన్‌స్క్రీన్: "పైన" అనే మాటే ముఖ్యం. సీరమ్ ఎండను అడ్డుకునే తెర కాదు, తెర దాటి వచ్చినదాన్ని కొంత సర్దుతుంది. మంగు ఉన్నవాళ్లకు కంటికి కనిపించే వెలుతురు కూడా చేటే. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ వాళ్లకు మామూలు దానికన్నా ఎక్కువ పనికొస్తుంది. గర్భం సమయంలో వచ్చిన మంగు, గర్భనిరోధక మాత్రలతో వచ్చిన మంగు ఒక్క సీరమ్‌తో పోతుందని ఆశపడకూడదు.

వారం దాటితే పారబోయాలి: గాలి తిన్న ఆస్కార్బిక్ ఆమ్లం మొదట డీహైడ్రో రూపానికి మారుతుంది, ఆపైన ముక్కలై పసుపు, నారింజ, చివరికి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ ముక్కల్లో ఎరిత్రులోజ్ అనేది ఒకటి. కృత్రిమంగా చర్మానికి కమిలిన రంగు తెప్పించే క్రీముల్లో వాడేది దాన్నే. రంగు తగ్గాలని రాసిన సీరమ్ ముఖానికీ దిండు గలీబుకూ నారింజ మరక వేస్తోందంటే ఇదే కారణం. గోధుమ రంగు సీసాలో ఉన్నప్పుడు ఈ మార్పు కంటికి కనబడదు కాబట్టి, ఒక చుక్క తెల్లటి దూది మీద వేసి చూడండి. నీళ్లలా ఉంటే సరే. రంగు మారితే వారం నిండకపోయినా పారబోయాలి. రంగు మారకపోయినా వారం నిండితే పారబోయాలి, ఎందుకంటే దీనిలో ప్రిజర్వేటివ్ లేదు. ఇంత పులుపులో బాక్టీరియా చాలావరకు బతకదు గాని బూజులు, ఈస్టులు పులుపుకు బెదరవు.

చుట్టుపక్కలవాళ్లకు పంచి పెడదామనీ, సీసాకు ఇంతని అమ్మితే నాలుగు డబ్బులొస్తాయనీ ఆలోచన రావచ్చు. అమ్మకానికి సౌందర్య సాధనం తయారుచేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల కింద లైసెన్సు ఉండాలి. వారం రోజుల ఆయువున్న సరుకును ఏ లైసెన్సుతోనైనా అమ్మడం కష్టమే.

పారబోయడానికి చాలామందికి మనసొప్పదు. సీసాలో ఇంకా సగం ఉందంటారు. రెండు గ్రాముల పొడి ఖరీదు ఒక గ్లాసు రాజమండ్రి రోజ్ మిల్క్ ఖరీదంత కూడా ఉండదు. మళ్లీ కలిపే ముందు సీసానూ చుక్కల గొట్టాన్నీ సబ్బుతో కడిగి, సీసాను పది నిమిషాలు నీళ్లలో మరగనిచ్చి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి పూర్తిగా ఆరబెట్టాలి. రబ్బరు మూత మరిగితే సాగిపోతుంది, దాన్ని స్పిరిట్‌తో తుడిచి విడిగా ఆరనివ్వండి.